రొట్టెల సంచి తగిలించిన గేరు

సౌదీలోని రాబిగ్‌లో ఆ చలికాలం ఏ వీధిలోకి పోయినా బండ్ల వెనక అద్దాల మీద అరబ్బీలో ‘లిల్‌బై’ అని రాసి అతికించిన కాగితాలే కనిపించేవి. అమ్మకానికి అని దానర్థం. కుటుంబాలతో ఉండే విదేశీయుల మీద తలకింత అని నెలనెలా రుసుము మొదలైంది. ఏటేటా అది పెరుగుతుందని ముందే చెప్పేశారు. దానికి తోడు సౌదీవాళ్లకు ఎన్ని కొలువులిచ్చారో చూసే నితాకత్ లెక్కలో కంపెనీల రంగులు మారుతున్నాయి; పచ్చ తప్పితే పరాయివాళ్ల కొలువులకు గండం. మా కంపెనీ పచ్చలోంచి పసుపులోకి జారిందన్న మాట వినిపించిన రోజు మెస్సులో ఎవరూ రెండోసారి కూర వడ్డించుకోలేదు. సోఫాలు, మంచాలు, పిల్లల సైకిళ్లు మెట్ల కింద పేర్చి జనం వెళ్లిపోతున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లో నేను బండి కొనాలనుకున్నాను. అందరూ ఖాళీ చేస్తున్న ఆ ఊరికి నా భార్య వచ్చింది మరి.

మా పెళ్లై అప్పటికి నాలుగేళ్లు దాటింది. మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది నా సెలవుల్లోనే. నేను అక్కడి ప్లాంటులో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మాది జగిత్యాల వైపు పల్లె. విజిట్ వీసా వచ్చి ఆమె జిద్దాలో విమానం దిగిన రోజు నుంచి నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఒకరోజు గేజీలు సరిచూస్తూ నాలో నేను నవ్వుకుంటుంటే మా ఫోర్‌మన్ చూసి, గ్యాస్ ఏమైనా లీకవుతోందేమోనని తన జేబులోని మీటరు తీసి చూసుకున్నాడు.

ఉన్నది మేమిద్దరమే అయినా పెద్ద బండే కావాలనిపించింది. శుక్రవారం వస్తే క్యాంపులో ఉండే మా వైపు వాళ్లు ఊళ్లో మేం అద్దెకు తీసుకున్న గదికి వచ్చేవారు. ఆమె చేతి పచ్చిపులుసు తిని గోడకు ఆనుకుని కూర్చుని, ఇప్పుడందరం కలిసి జిద్దా పోయొస్తే ఎంత బాగుంటుందో అనుకునేవాళ్లం. ఒక్క టాక్సీలో పట్టం. రెండు టాక్సీలంటే సరదా సగమవుతుంది. ఎవరూ మిగిలిపోకుండా అందరూ ఎక్కే బండి ఒకటి నా పేరు మీద ఉండాలని నాకు బలంగా కోరిక పుట్టింది.

మా ఇంటి కింది బకాలా కొట్టు గోడ మీద ఒక కాగితం చూశాను. ఎనిమిది సీట్లు, నాలుగు చక్రాలూ లాగే బండి, జాగ్రత్తగల కుటుంబం వాడినది, అని చక్కని ఇంగ్లీషులో రాసి ఉంది. ఫోన్ చేస్తే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే సూడాన్ మాస్టారు ఎత్తారు. కుటుంబమంతా ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోతున్నామని, మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత వచ్చి చూసుకోమని చెప్పారు.

మా సైటులో క్రేన్ నడిపే అన్న ఒకాయన ఉండేవాడు. నిజామాబాద్ మనిషి, ఎడారిలో ఆయన తిప్పని బండి లేదు. ఆ రాత్రి మా గదిలో భోజనాల దగ్గర ఆయనకు సంగతి చెప్పాను.

"కంపెనీ పసుపుల ఉన్నది. రేపు ఎగ్జిట్ కొట్టిస్తే బండిని నెత్తిన వెట్టుకొని పోతవా తమ్మీ?" అన్నాడు.

"అప్పటి సంగతి అప్పుడే అన్నా. ఎట్ల సూడాల్నో జెప్పు."

అన్న చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "పోంగనే బానెట్ మీద చెయ్యి వెట్టు. వెచ్చగుంటే నువ్వు రాకముందే స్టార్ట్ జేసి లోపం దాసిండన్నట్టు. వంగి కింద సూడు, సముద్రం గాలికి రేకు తినేసి ఉంటది. టైర్లు నాలుగు ఒక్క తీరుగ అరగాలె. గసుంటి బండికి ఒక్క టైరు తేడా ఉన్నా లోపల గేరు పండ్లు అరిగిపోతయ్. స్టీరింగ్ చివరిదాంక తిప్పి గుండ్రంగ నడుపు. టక్‌టక్ అన్నదా, సలాం గొట్టి ఇంటికొచ్చెయ్." నీళ్ల గ్లాసు అందుకుంటూ, "ఇసుకల నడిపి సూడకుంట మాత్రం కొనకు. నాలుగు చక్రాలు లాగుతయని కాగితం మీద ఎవడైనా రాస్తడు," అన్నాడు.

మర్నాడు నా భార్య కూడా బయల్దేరింది. అబాయా ఆమెకింకా అలవాటు కాలేదు, మెట్లు దిగేటప్పుడు అంచు కాలికింద పడి ఒకటే నవ్వు. చేతిలో సకినాల డబ్బా ఉంది.

"బండి సూడవోతున్నం, పేరంటానికి కాదు," అన్నాను.

"ఎవలింటికన్న ఒట్టి చేతులతోటి పోతరా?" అంది.

మాస్టారి ఇల్లు బడి వెనక వీధిలో. మూల తిరిగేసరికి బండి కనిపించింది. తెల్లటి రంగు, ఎత్తైన ఒళ్లు, కిటికీలకు పూలపూల పరదాలు. దాని ముందు ఫోటోకు నిలబడినట్టు కుటుంబమంతా వరసగా నిలబడి ఉంది. మాస్టారు ఆరడుగుల మనిషి, పాదాల దాకా తెల్ల జలాబియా, తలకు పెద్ద పాగా. ఆయన భార్య నారింజరంగు పూల బట్ట ఒంటికి చుట్టుకుని ఉంది. ఇద్దరు ఆడపిల్లలు జడలు అల్లుకుని, కొత్త చెప్పులేసుకుని ఉన్నారు. చేతికర్రతో ఒక ముసలావిడ కూడా ఉంది. ఆమె మాస్టారి అత్తగారు. వాళ్ల కాళ్ల దగ్గర చుట్టిన చాప, ఫ్లాస్కు, మూత కట్టిన గిన్నె, గాజు గ్లాసుల బుట్ట ఉన్నాయి.

మాస్టారు నాకు చెయ్యిచ్చి, భుజం తట్టి, కొంచెం మొహమాటంగా ఇంగ్లీషులో చెప్పారు. "మీరు ఎలాగూ నడిపి చూడాలి కదా. సముద్రం వైపు పోదాం. వీళ్లకు ఈ బండిలో ఇదే చివరి షికారు. మేమూ వస్తే మీకు ఇబ్బందా?"

నా భార్య నా చెవిలో, "పెండ్లిసూపులకు వచ్చినట్టున్నది గదా. పిల్ల తరఫున అందరు వచ్చిండ్రు," అంది. నాకు నవ్వాగలేదు. మాస్టారు నేను ఒప్పుకున్నాననుకుని తనూ నవ్వారు.

నేను ముఖం గంభీరంగా పెట్టుకుని పరీక్ష మొదలుపెట్టాను. బానెట్ చల్లగానే ఉంది. తలుపుల మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాను. లోపల లప్పం పూసి ఉంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. రేకు చప్పుడే వచ్చింది, ఒక్క వెనక తలుపు దగ్గర తప్ప. అక్కడ తన సైకిల్ గుద్దిందని చిన్నపిల్ల తానే ఒప్పుకుంది. టైర్లు నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే తీరుగా అరిగాయి. చొక్కా మాసిపోతుందని చూడకుండా నేల మీద వెల్లకిలా పడుకుని కింద చూశాను. నాకిరువైపులా ఇద్దరు పిల్లలూ పడుకుని తామూ చూడడం మొదలుపెట్టారు. పైనుంచి ముసలావిడ ఏదో అడిగింది.

"మా అత్తగారు అడుగుతున్నారు," అన్నారు మాస్టారు. "ఏం పడిపోయింది, తనను కూడా వెతకమంటారా అని."

తుప్పు అక్కడక్కడా ఉంది, భయపడేంత కాదు. లేచి దులుపుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాను. పెద్ద గేరు పక్కన పొట్టి గేరు ఇంకొకటి ఉంది. దాని తలకు ఊలుతో అల్లిన ఎర్రటి టోపీ తొడిగారు. దానికి రొట్టెల సంచి వేలాడుతోంది. బేకరీ నుంచి వచ్చేటప్పుడు వేడి రొట్టెలు నలగకుండా అక్కడ తగిలిస్తామని మాస్టారి భార్య చూపించింది. ఆ గేరు అసలు పని వేరని నాకు తెలుసు. ఇసుకలోకి దిగినప్పుడు నాలుగు చక్రాలకూ సమానంగా బలం పోవాలంటే దాన్ని వెనక్కి లాగాలి. కానీ ఆ టోపీ చూసి ఏమీ అనబుద్ధి కాలేదు.

అందరూ ఎక్కారు. నా భార్య చిట్టచివరి వరసకు పోయింది, అక్కడికి ఏసీ గాలి చేరుతుందో లేదో చెప్పడం ఆమె పని. ముసలావిడ కూడా పట్టుబట్టి ఆమె పక్కనే కూర్చుంది. బండి కదిలే లోపే ఇద్దరూ మాటల్లో పడిపోయారు. ఆమెది అరబ్బీ, ఈమెది జగిత్యాల తెలుగు.

"గాలొస్తుందా?" అని కేకేశాను.

"సల్లగొస్తున్నది. అవ్వకు మోకాళ్ల నొప్పులట."

"నీకెట్ల తెలిసింది?"

"ఆమెనే జెప్పింది."

ముందుగా బడి వెనక ఖాళీ మైదానానికి పోయాం. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు విరిచి మెల్లగా గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను. అందరినీ నోరు మూసుకుని వినమన్నాను. మాస్టారు నా మాటను అరబ్బీలో చెప్పగానే బండి నిండా నిశ్శబ్దం. ఒక చుట్టు తిరిగేసరికి టక్ టక్ టక్ అని వినిపించింది. ఎంతో ముచ్చటపడి వచ్చాను, అన్న చెప్పిన చప్పుడు రానే వచ్చింది. మొహం వేలాడేసి బ్రేకు వేశాను. ఆగాక కూడా ఇంకోసారి టక్ అంది. మాస్టారి భార్య వెనక్కి వంగి గాజు గ్లాసుల బుట్ట ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ ఎడమకు, తర్వాత కుడికి ఎన్ని చుట్లు తిప్పినా ఏ చప్పుడూ లేదు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని పిల్లలు గోల చేశారు. చివర్లో తిప్పిన చుట్లు పరీక్ష కోసం కాదు. అవి వాళ్ల కోసం తిప్పాను, నా కోసం కూడా.

ఊరు దాటాక తారురోడ్డు మీద బండి మెత్తగా పోయింది. ఎడమవైపు సముద్రం, దూరంగా ప్లాంటు గొట్టాల మీద మంట. మాస్టారు ఒకచోట రోడ్డు దిగమన్నారు. ముందు గట్టి నేల, తర్వాత మెత్తటి ఇసుక దిబ్బలు. "ఇసుకల నడిపి సూడకుంట కొనకు" అని అన్న చెప్పిన మాట గుర్తొచ్చి, కాస్త జోరుగానే పోనిచ్చాను. బండి ఒక దిబ్బ సగం ఎక్కింది. ఇంజను గట్టిగా మూలిగింది. వెనక చక్రాలు ఇసుక చిమ్మాయి. తర్వాత బండి తీరికగా, బర్రె నీళ్లలో కూర్చున్నట్టు, ఇసుకలో కూర్చుంది.

ఇప్పుడు పొట్టి గేరు వేయక తప్పదు. రొట్టెల సంచి తీసి, టోపీ తీసి పట్టుకుని లాగాను. కదల్లేదు. మాస్టారూ నేనూ కలిసి లాగాం. కదల్లేదు.

"దీన్ని ఎప్పుడైనా వేశారా ఉస్తాద్?" అని అడిగాను.

మాస్టారు కాసేపు సముద్రం వైపు చూశారు. "కొన్నప్పటి నుంచి ఇసుకలోకి దించలేదు," అన్నారు.

"మరి నాలుగు చక్రాలూ లాగుతాయని రాశారు?"

"నాకు అమ్మినవాడు కూడా అలాగే చెప్పాడు."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. ఆయన పాగా వదులయ్యేంత వరకు నవ్వాం. తర్వాత బరువు తగ్గాలని సామాను కూడా దించి, అందరం దిగి నెట్టాం. పిల్లలు చెప్పులు విడిచి నెట్టారు. నా భార్య అబాయా మోకాళ్ల దాకా ఎగదోపుకుని, నాట్లేసేవాళ్లలా నిలబడి నెట్టింది. ముసలావిడ చేతికర్ర చివరతో బండిని పొడుస్తూ, కదలనన్న దూడను అదిలించినట్టు అదిలించింది. బండి ఇంకొంచెం లోపలికి దిగింది.

అప్పటిదాకా మాతో కలిసి నెట్టిన మాస్టారి భార్య టైర్ల వైపు చూసి భర్తతో ఏదో అంది. టైర్లలో గాలి తగ్గించమంటోందని ఆయన నాకు చెప్పారు. ఆ మాట మా అన్న కూడా ఎప్పుడో చెప్పాడు, నేనే మరిచిపోయాను. నేనూ మాస్టారూ చెరో రెండు చక్రాల దగ్గర కూర్చుని ఇంటి తాళంచెవుల కొనలతో గాలి వదిలాం. లేచి చూసేసరికి ఆమె డ్రైవరు సీట్లో ఉంది.

"ఏం చేస్తున్నారు ఆమె?" అన్నాను.

"పెళ్లికి ముందు వాళ్ల నాన్నగారి పత్తి చేలల్లో పికప్ నడిపేదట," అన్నారు మాస్టారు. "నేను విన్నానే గాని ఎప్పుడూ చూడలేదు."

పిల్లలిద్దరికీ ఆ సంగతే తెలియదు. వాళ్లు తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఆడవాళ్లకు లైసెన్సులిస్తారన్న వార్త అప్పటికే వచ్చింది, కానీ అది అమలయ్యేది ముందు ముందు. రోడ్డు మీద అయితే ఆమె ఆ సీట్లో కూర్చునేది కాదు. ఇక్కడ కనుచూపు మేరలో మేము తప్ప ఎవరూ లేరు.

ఆమె బట్ట చెంగును నడుముకు బిగించుకుంది. మొదటిసారి బండి ఒక దూకు దూకి ఆగిపోయింది. రెండోసారి దగ్గి ఆగిపోయింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆ కాళ్లూ చేతులూ ఎప్పటివో గుర్తు చేసుకుంటున్నట్టు అనిపించింది. పెద్ద గేరును న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు నొక్కి పట్టి, పొట్టి గేరును ఒక్కసారి ముందుకు తోసి, వెంటనే వెనక్కి లాగింది. ఖటక్‌మని అది కూర్చున్న చప్పుడు మా అందరికీ వినిపించింది. బండి వణికింది. నాలుగు చక్రాలూ మెల్లగా ఇసుకను పట్టుకున్నాయి. గుంటలోంచి ముందు చక్రాలు, వాటి వెనకే మిగతావి బయటికొచ్చాయి. బండి దిబ్బ ఎక్కేసింది.

ఎక్కాక ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. దిబ్బ అవతలికి దిగి కనిపించకుండా పోయింది.

చాప, ఫ్లాస్కు, గిన్నెలతో సహా మేమంతా ఆ ఇసుకలో నిలబడి ఉన్నాం. మాస్టారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని ఆమెను పిలిచారు. ఇంజను చప్పుడు ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి వస్తోంది.

"గామె ఆ దారినే వాళ్ల దేశం పోతున్నట్టున్నది," అంది నా భార్య.

కాసేపటికి బండి ఇంకో దిబ్బ మీద ప్రత్యక్షమైంది. ఆకాశానికి ఆనుకుని ఒక్క క్షణం నిలబడి, జారుతున్నట్టు కిందికి దిగి, మా చుట్టూ పెద్ద చుట్టు తిరిగింది. పరదాలు కిటికీల బయటికి ఎగురుతున్నాయి. ముసలావిడ చేతికర్ర పైకెత్తి నాలుక ఆడిస్తూ ‘లులులులు’ అని సన్నగా, పొడుగ్గా కూత వేసింది. వాళ్ల పెళ్లిళ్లలో వేసే కూత అది. పిల్లలు అందుకున్నారు. నా భార్య కూడా ప్రయత్నించింది. కోడిపుంజు గొంతు వచ్చింది. మళ్లీ ప్రయత్నించి, దగ్గు వచ్చి, ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగేళ్లలో ఫోనులో ఆమె నవ్వు ఎన్నిసార్లో విన్నాను. అలా కూలబడి నవ్వడం మాత్రం చూడలేదు.

బండి మా ముందు ఆగింది. మాస్టారి భార్య దిగలేదు. ఎక్కండి అన్నట్టు చెయ్యి ఊపింది. అందరం ఎక్కాం. నా భార్య ఈసారి ముందు సీట్లో కూర్చుంది. నేనూ మాస్టారూ చివరి వరసలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాం. ఆమె దిబ్బ ఎక్కినప్పుడల్లా మా తలలు పైకప్పుకు కొట్టుకునేవి. ఏసీ గాలి అక్కడికి చక్కగా వస్తోందని నేనే స్వయంగా తేల్చుకున్నాను.

పొద్దు సముద్రంలోకి దిగుతుండగా చాప పరిచాం. అల్లం ఘాటు తగిలే కాఫీ, పంచదార చల్లిన చిన్నచిన్న గుండ్రటి బొండాలు వాళ్లవి, సకినాలు మావి. ముసలావిడ సకినం నమల్లేక కాఫీలో నానబెట్టుకుని తింది. బాగుందని ఇంకోటి అడిగింది. అందరి జుట్టులోనూ ఇసుకే. మాస్టారి భార్య మాత్రం ఏమీ తినకుండా బండి వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి భర్త వైపు తిరిగి మెల్లగా ఒక మాట అంది. ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. ఆమె అదే మాట మళ్లీ అంది. పిల్లలిద్దరూ లేచి చాప చుట్టూ గంతులేయడం మొదలుపెట్టారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నేనేం చెప్పాలో తెలియడం లేదు. అమ్మడం లేదంటోంది."

నేను గ్లాసు కింద పెట్టాను.

"వాళ్ల ఊరికి పోయే దారి వానాకాలంలో బురద," అన్నారాయన. "ఇలాంటి బండి అక్కడ దొరకడం కష్టం. జిద్దా నుంచి మా సూడాన్‌లోని సువాకిన్ రేవుకు ఓడ పోతుంది. దాంట్లో ఎక్కించి తీసుకుపోదామంటోంది. ఇక్కడ లైసెన్సులు ఇచ్చేనాటికి ఎలాగూ మేముండం, అక్కడైతే నడుపుకుంటానంటోంది. మిమ్మల్ని పిలిపించి, మీ చొక్కా మట్టి చేసి ఇలా చేస్తున్నందుకు..." అని ఆగిపోయారు.

నాకు కోపం రావాలి. రాలేదు. నేను బండినే కాదు, ఆమె ముఖాన్ని కూడా చూశాను కదా. విషయం నా భార్యకు తెలుగులో చెప్పాను.

"నేనైతే అస్సలు అమ్మకపోదును. మంచిపని జేసింది," అని లేచి పోయి ఆమె చేతులు పట్టుకుంది.

నేను మాస్టారితో, "బండి బాగుందండీ. తుప్పు తక్కువ, టైర్లు సమానం, నాలుగు చక్రాలూ లాగుతున్నాయి. కళ్లు మూసుకుని ఉంచేసుకోండి," అన్నాను. ఆయన నన్ను లేపి నిలబెట్టి గట్టిగా కావిలించుకున్నారు. ఆ ఎత్తుకు నా ముఖం ఆయన జేబు దగ్గరికి వచ్చింది.

తిరిగొచ్చాక క్యాంపుకు పోయి అన్నకు చెప్పాను. అన్న మొత్తం విన్నాడు. "బండి కొనుక్కరమ్మంటే సుట్టాలను కొనుక్కొచ్చినవ్," అన్నాడు.

అయితే తర్వాతి శుక్రవారం తానే పనిముట్ల పెట్టె పట్టుకుని నాతో వచ్చాడు. అంత దూరం పోయే బండికి గేరు నూనెలు మార్చాలని, బిగుసుకుపోయిన ఆ పొట్టి గేరు కీళ్లకు గ్రీజు పెట్టాలని పట్టుబట్టాడు. మాస్టారు పక్కన నిలబడి పానాలు అందించారు. ఆయన భార్య ఒక్కో పనీ దగ్గరుండి చూసి, ఎందుకు చేస్తున్నామో అడిగించి తెలుసుకుంది. అలా నేను కొనని బండికి వరసగా కొన్ని శుక్రవారాలు చాకిరీ చేశాం. ప్రతిసారీ పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పెట్టేవాళ్లు. మా వాళ్లంతా ఒకసారి ఆ బండిలోనే సముద్రం దాకా పోయొచ్చారు కూడా.

ఈ లోపల నేను వెళ్లిపోతున్న ఒక మలయాళీ దగ్గర చిన్న కారు కొన్నాను. దాన్ని చూడడానికి మనుషులెవరూ నాతో రాలేదు. చూశాను, నడిపాను, ఇస్తిమారా అనే బండి కాగితం నా పేరు మీదికి మార్పించుకున్నాను, అంతే.

మాస్టారి కుటుంబం బయల్దేరిన రోజు సెలవు పెట్టి మేమిద్దరం చిన్న కారులో వాళ్ల వెనకే జిద్దా రేవు దాకా పోయాం. వాళ్ల బండి పైన కట్టిన మూటలు, చాపలు, మడత కుర్చీలు దాని ఎత్తును రెట్టింపు చేశాయి. గేటు దగ్గర కాగితాలు చూపించి, కుటుంబాన్ని ఒకవైపు, బండిని ఇంకోవైపు పంపారు. ముసలావిడ నా భార్య తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏదో చెప్పింది. నా భార్య అన్నింటికీ "అట్లనే అవ్వా" అంది. మాస్టారు పాగా సర్దుకుంటూ బండిని లోపలికి నడుపుకుపోయారు. ఆయన భార్య గేటు అవతల నుంచి వెనక్కి తిరిగి, గాలిలో స్టీరింగ్ పట్టుకుని తిప్పినట్టు రెండు చేతులూ తిప్పి చూపించింది.

మేమిద్దరం తిరుగుదారి పట్టాం. నా భార్య కిటికీలోంచి కాకుండా నా కాళ్ల వైపు చూస్తోంది.

"గవి మూడెందుకు? కాళ్లు రెండే గదా," అంది.

క్లచ్ సంగతి చెప్పాను. ఇంకొంచెం దూరం పోయాక, "నేర్పవా?" అంది.

రోడ్డు పక్కన ఎప్పుడో పని ఆగిపోయిన ఒక స్థలం, చదును చేసిన గట్టి నేల ఉన్నాయి. కారు అక్కడికి దించి సీట్లు మారాం. మొదటిసారి కారు మేకపిల్లలా ఎగిరి ఆగింది. రెండోసారి నా తల అద్దానికి తగిలింది. మూడోసారి కదిలింది. కదిలాక ఆమెకు నవ్వు పట్టుకుంది, ఇక ఆపడం తెలియదు.

"బ్రేకు, బ్రేకు తొక్కు," అన్నాను.

"అదేదో నువ్వు జెప్పలే."

"చెప్పిన. నవ్వుతుంటే నీకినవడలే."

అలా చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. రోడ్డు మీద గొర్రెల్ని వేసుకుని పోతున్న ఒక పికప్ మమ్మల్ని చూసి నెమ్మదించింది. అందులోని ముసలాయన మెడ చాచి, స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో చూసి, హారన్ మోగించి చెయ్యి ఊపాడు. బ్రేకు ఎక్కడుందో ఇంకా తేలలేదు గానీ హారన్ మాత్రం ఆమెకు వెంటనే దొరికింది.